గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స, నర్సింగ్ సేవ: నా అనుభవం

నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. నలభై ఏళ్లు దాటేసరికి నా బరువు 104 కిలోలకు చేరింది. ఎత్తు 157 సెంటీమీటర్లు కావడంతో ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బి.ఎం.ఐ. 42గా తేలింది. మధుమేహానికి ఇన్సులిన్ వాడుతూ, నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియా కారణంగా రాత్రిళ్లు గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మాస్కు పెట్టుకుని పడుకునేదాన్ని. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకోవాలని నిర్ణయించుకున్నాక తెలిసినవారంతా సర్జన్ ఎవరు, ఖర్చు ఎంత అని అడిగారే గాని, ఆపరేషన్ తరువాత మంచం పక్కన ఎవరుంటారు, వారికి ఈ పనిలో ఎంత అనుభవం ఉంది అని ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఎంత ముఖ్యమైనదో అక్కడికి వెళ్లాక నాకు అర్థమైంది కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

బీమా కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం బి.ఎం.ఐ. 40 గాని అంతకు మించి గాని ఉన్నవారికి, లేదా 35 ఉండి అదుపులోకి రాని మధుమేహం, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండె జబ్బు వంటివి ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స ఖర్చు వర్తిస్తుంది. నా రిపోర్టులన్నీ ఉండడంతో అనుమతి రావడం కష్టం కాలేదు. జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసే స్లీవ్ పద్ధతి గాక బైపాస్ ఎంచుకోవడానికి కారణం నాకు ఏళ్ల తరబడి ఉన్న గుండెమంట. స్లీవ్ తరువాత అది కొందరిలో పెరుగుతుందని సర్జన్ వివరించారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల సంచిని మాత్రమే వేరు చేసి, దానిని చిన్న ప్రేగుకు కలుపుతారు. రెండు టేబుల్ స్పూన్ల ద్రవంతో నిండిపోయే సంచి అది. ఆ తరువాత జరిగే నర్సింగ్ అంతా ఆ కొలత చుట్టూనే తిరుగుతుంది.

చేరిన రోజున బరువు చూడవలసి వచ్చింది. లావుగా ఉన్నవారికి ఆసుపత్రిలో అన్నిటికంటే కష్టమైన ఘడియ అదే. అంతకు ముందు నేను చూసిన చోట్ల వరండాలో అందరి ముందు యంత్రం ఎక్కించి, అంకెను బిగ్గరగా చదివి, మరొకరి చేత పుస్తకంలో రాయించేవారు. ఇక్కడ సిస్టర్ నన్ను ఒక గదిలోకి తీసుకువెళ్లి, తలుపు వేసి, అంకెను తనే చూసి తనే రాసుకుంది. ఆమె కేరళ నుంచి వచ్చిన అమ్మాయి, తెలుగు తడుముకుంటూ మాట్లాడేది. ఆ చిన్న మర్యాదతోనే ఆ వార్డు మీద నాకు నమ్మకం కుదిరింది. తరువాత రక్తపోటు చూడడానికి వెడల్పాటి పట్టీ తెచ్చింది. లావుపాటి చేతికి మామూలు పట్టీ చుడితే రక్తపోటు ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుందని చెప్పింది. ఒక క్లినిక్‌లో ఇరుకు పట్టీతో చూసిన అంకెల ఆధారంగానే నాకు బి.పి. మాత్ర మోతాదు పెంచారు. ఆ రోజు సరైన పట్టీతో చూస్తే రీడింగు అంతకంటే చాలా తక్కువగా వచ్చింది. మంచం, చక్రాల కుర్చీ, గౌను, చివరికి మరుగుదొడ్డిలోని కమోడ్ కూడా ఎక్కువ బరువు మోయగలిగేవో కావో వాళ్లు ముందే సరిచూసుకుంటారు. గౌను వెనక సరిగా మూసుకోకపోతే రోగి సిగ్గుతో మంచం దిగదు, దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కనుక గౌను కొలత కూడా చికిత్సలో భాగమేనని నేను గ్రహించాను.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు నేను పాటించిన తక్కువ కెలోరీల ఆహారం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాలేయంలో పేరుకున్న కొవ్వు కరిగి అది కొంత కుంచించుకుంటే, దాని కిందనున్న జీర్ణాశయం సర్జన్‌కు స్పష్టంగా అందుతుంది. అందుకే ఆ ఆహార నియమం. తిండి తగ్గినప్పుడు ఇన్సులిన్ పాత మోతాదులోనే తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది కాబట్టి, నర్సు కోఆర్డినేటర్ ఫోనులో నా రీడింగులు తెలుసుకుని, వాటిని డాక్టరుకు చూపి మోతాదు తగ్గించేది.

మెలకువ వచ్చేసరికి తల వైపు మంచం ఎత్తి ఉంది, మొహానికి నా సీప్యాప్ మాస్కు ఉంది. లావుగా ఉన్నవారిని వెల్లకిలా చదునుగా పడుకోబెడితే పొట్ట బరువు ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందువల్ల తలభాగాన్ని కనీసం 30 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు. స్లీప్ ఆప్నియా ఉన్నవారికి మత్తు కలిగించే నొప్పి మందులు శ్వాసను మరింత మందగింపజేస్తాయి కాబట్టి వాటిని వీలైనంత తగ్గించి, పారాసిటమాల్ వంటివి క్రమం తప్పకుండా ఇస్తూ, వేలికి తొడిగిన పరికరంలో ఆక్సిజన్ అంకెను గమనిస్తూ ఉన్నారు. కాళ్లకు గాలి నిండుతూ వదులుతూ ఉండే పట్టీలు కట్టారు. పొట్ట మీది కోతల కంటే భుజంలో నొప్పి నన్ను ఎక్కువ బాధించింది. చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీ కోసం పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి, ఊపిరితిత్తుల కిందనుండే ఉదరవితానం (డయాఫ్రమ్) అనే కండరాన్ని రేపడం వల్ల భుజంలో నొప్పి పుడుతుందని, నడిచేకొద్దీ తగ్గుతుందని సిస్టర్ చెప్పింది.

ఆ సాయంత్రమే నన్ను నడిపించారు. కడుపు కోయించుకున్న మనిషిని అదే రోజు లేపడం ఏమిటని మా అత్తయ్య కంటతడి పెట్టుకుంది. మంచం దిగే పద్ధతిని సిస్టర్ దగ్గరుండి నేర్పింది: ముందు పక్కకు తిరగాలి, కాళ్లు మంచం అంచు నుంచి కిందికి జార్చాలి, మోచేతితో నొక్కి లేవాలి, కూర్చుని కాసేపు ఆగి తల తిరగడం లేదని నిర్ధారించుకున్నాకే నిలబడాలి. ఇద్దరు చెరో పక్క ఉన్నారు. ఈ శస్త్రచికిత్సలో ప్రాణాపాయం తెచ్చే ముఖ్య సమస్యలలో ఒకటి కాళ్ల సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం. నడక, పట్టీలు, పొట్ట చర్మం కింద వేసే హెపారిన్ రకం ఇంజెక్షన్, ఈ మూడూ దానిని ఆపడానికే. ఇంటికి వెళ్లాక కూడా కొంతకాలం ఆ ఇంజెక్షన్ అవసరం కనుక, చర్మాన్ని మడతగా పట్టుకుని వేయాలని, వేశాక రుద్దకూడదని మా వారికి నేర్పి, ఆయన చేత ఒకసారి వేయించి చూశాకే సిస్టర్ తృప్తిపడింది.

మూడు బంతుల పరికరంతో ఊపిరి వ్యాయామం కూడా అప్పుడే మొదలైంది. నాతో పాటు వార్డులో ఉన్నవారిలో చాలామంది దానిలోకి గట్టిగా ఊదేవారు. నిజానికి గాలిని నెమ్మదిగా లోపలికి పీల్చి బంతులను పైకి లేపాలి. అప్పుడే ఊపిరితిత్తుల అడుగుభాగం తెరుచుకుంటుంది. నర్సులు ఒక్కొక్కరి దగ్గరా నిలబడి ఓపికగా సరిచేసేవారు.

అన్నిటికంటే నేను గుర్తుంచుకున్నది నాడి మీద వాళ్లు ఉంచిన శ్రద్ధ. ప్రేగును కలిపిన చోట కుట్టు కారితే లోపలి ద్రవం పొట్టలోకి చిమ్ముతుంది. లావుపాటి పొట్టలో ఆ సంగతి చేతితో నొక్కినా పైకి తెలియకపోవచ్చు. జ్వరం ఆలస్యంగా రావచ్చు. గుండె వేగం పెరగడమే కొందరిలో తొలి హెచ్చరిక, ఒక్కోసారి అది తప్ప మరే గుర్తూ ఉండదు. నిమిషానికి 120 దాటి అక్కడే నిలిచిపోతే ఎంత రాత్రయినా సర్జన్‌ను పిలవాలన్నది ఆ వార్డులో నియమం. రెండో రాత్రి నా నాడి 110 దాటింది. డ్యూటీలో ఉన్న సిస్టర్ దానిని కంగారు వల్ల పెరిగిందని తోసిపుచ్చకుండా, జ్వరం, శ్వాస, ఆక్సిజన్, పొట్టలోంచి ద్రవం బయటికి వచ్చే డ్రెయిన్ గొట్టంలోని ద్రవం రంగు, మూత్రం పరిమాణం వరుసగా చూసి, నొప్పి కొత్తగా ఎక్కడైనా మొదలైందా, ఏదో కీడు జరగబోతున్నట్లు అనిపిస్తోందా అని అడిగింది. ఆ చివరి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. కుట్టు కారినవారు కొందరు సరిగ్గా అలాంటి ఆందోళననే చెబుతారని, అందుకే అడుగుతారని తరువాత తెలిసింది. మూత్రం తక్కువగా, ముదురు రంగులో ఉండడం గమనించి డాక్టరుకు తెలిపింది. ఆయన వచ్చి పరీక్షించి సెలైన్ పెంచమన్నారు. తెల్లవారేసరికి నాడి దిగివచ్చింది. ఒళ్లు నీరు లేక ఎండిపోవడమే కారణమైంది గాని, ఆమె ఆ రాత్రి వెతికినది అంతకంటే పెద్ద ప్రమాదాన్ని.

తాగడం మొదలుపెట్టాక కొలత అంతా మందు పోసే 30 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ కప్పే. దానిలోని నీటిని పదిహేను నిమిషాల పాటు కొద్దికొద్దిగా చప్పరించాలి; గటగటా తాగకూడదు, స్ట్రా వాడకూడదు, ఎందుకంటే దానితో గాలి కూడా లోపలికి పోతుంది. మా అత్తయ్య ఇంటి నుంచి రాగి జావ చేయించి ఫ్లాస్కులో తెచ్చింది. మనిషి ఒంట్లో సత్తువ లేకుండా పడి ఉంటే నీళ్లు తాగించి ఊరుకోవడం ఆమెకు మనస్కరించలేదు. సిస్టర్ ఆమెను కసురుకోలేదు. పక్కన కూర్చోబెట్టి, “పెద్దమ్మా, లోపలి కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఈ జావ మంచిదే, కాని ఇప్పుడు కాదు. ఎప్పుడు పెట్టాలో నేను రాసిస్తాను, అప్పుడు మీరే మీ చేత్తో పెట్టండి” అంది. ఆ మాటతో అత్తయ్య అడ్డుపడడం మానేసి, ఇంటికి వెళ్లాక ఆ కాగితం చూసుకుంటూ నా భోజనం బాధ్యత తనే తీసుకుంది. మొదట పలుచని మజ్జిగ తేట, వడగట్టిన చారు, పప్పు కట్టు, తరువాత ప్రోటీన్ కలిపిన పాలు, ఆ పైన మెత్తగా నలిపిన గుడ్డు, పెరుగు, పనీర్, గుజ్జుగా ఉడికిన పప్పు, అన్నం చివరికి. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రోటీన్ అందాలి. ప్రతి ముద్దనూ బాగా నమలాలి, భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. అన్నంలో చారు కలుపుకుని గబగబా తినే మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు, కనుక అలవడడానికి నాకు చాలా కాలం పట్టింది.

చర్మ సంరక్షణ గురించి ఎవరూ మాట్లాడరు గాని, మాట్లాడాలి. రొమ్ముల కింద, పొట్ట మడతల కింద, గజ్జల్లో చెమట నిలిచి చర్మం ఒరుసుకుపోతుంది, ఫంగస్ చేరుతుంది. కర్టెన్ పూర్తిగా లాగి, ఇద్దరు మహిళా సిబ్బంది మాత్రమే ఉండి, ఆ మడతలను కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టి, ఎర్రబడిన చోట మందు రాసి, గొట్టాల ఒత్తిడి ఎక్కడైనా పడుతోందా అని చూసేవారు. వాళ్ల ముఖాల్లో చిరాకు గాని జాలి గాని నేను చూడలేదు. బరువు తగ్గేకొద్దీ చర్మం వేలాడి ఈ సమస్య కొంతకాలం పెరుగుతుందని కూడా ముందే చెప్పారు, అది నిజమైంది.

డిశ్చార్జి నాడు కాగితం చేతిలో పెట్టి పంపకుండా, ప్రతి విషయాన్నీ నా చేత తిరిగి చెప్పించారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు బైపాస్ చేయించుకున్నవారు వాడకూడదు, ప్రేగు కలిపిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. మందుల షాపులో ఒళ్లు నొప్పులని చెబితే చీటీ లేకుండానే ఇచ్చేవి ఇవే కనుక, ఈ హెచ్చరికను నేను ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. చక్కెర ఎక్కువున్న పదార్థాలు తింటే అవి ఒక్కసారిగా ప్రేగులోకి దిగి, గుండె దడ, చెమట, కడుపునొప్పి, విరేచనం కలిగిస్తాయి. దానిని డంపింగ్ అంటారు, కాబట్టి పెళ్లిభోజనంలో బూరెను ఎవరెంత కొసరినా వద్దనాలి. వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోకూడదు. థయమిన్ అనే బి1 విటమిన్ లోపించి మెదడు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు వేరే ఊళ్లో ఎవరైనా గ్లూకోజు ఎక్కించబోతే ముందుగా థయమిన్ ఇవ్వాలని అడగమన్నారు. ముక్కు గుండా కడుపులోకి గొట్టం వేయవలసి వస్తే బైపాస్ అయిందని చెప్పాలి, ఎందుకంటే చూడకుండా దూర్చితే కుట్టు చిరగవచ్చు. ఈ రెండు విషయాలూ రాసిన కార్డును నేను ఇప్పటికీ పర్సులో పెట్టుకుంటాను.

ఇంటికి వచ్చాక కోఆర్డినేటర్ ఫోన్లు ఆగలేదు. మూడో నెల దాటాక దువ్వెన నిండా జుట్టు ఊడుతుంటే భయపడి నేనే ఫోను చేశాను. వేగంగా బరువు తగ్గినప్పుడు ఇది చాలామందిలో జరుగుతుందని, మళ్లీ మొలుస్తుందని ధైర్యం చెబుతూనే, ప్రోటీన్ ఎంత తింటున్నానో అడిగి, ఐరన్ పరీక్ష చేయించమని డాక్టరుతో రాయించింది. ఇన్సులిన్ అప్పటికే ఆపేశారు. ఐరన్, కాల్షియం బిళ్లలు కనీసం రెండు గంటల తేడాతో వేసుకోవాలి, కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం సిట్రేట్ రకానిదై ఉండాలి. బి12, డి విటమిన్లు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు.

ఈ శస్త్రచికిత్స గురించి నన్ను అడిగేవారికి నేను చెప్పేది ఒకటే: ఆసుపత్రిని ఎంచుకునే ముందు ఒకసారి వార్డుకు వెళ్లి చూడండి. వెడల్పాటి బి.పి. పట్టీ ఉందా, రాత్రి డ్యూటీలో ఒక నర్సుకు ఎంతమంది రోగులు, అర్ధరాత్రి నాడి పెరిగితే ఆమె ఎవరికి ఫోను చేస్తుంది, ఇంటికి వెళ్లాక మీ ఫోనును ఎవరు ఎత్తుతారు అని అడగండి. ఈ మధ్య మా మండలం నుంచి వెళ్లిన ఒక సహోద్యోగిని ఈ ప్రశ్నలనే కాగితం మీద రాసుకుని రెండు ఆసుపత్రుల్లో అడిగింది. ఒక చోట రిసెప్షన్‌లోనే ఆపేశారు. రెండో చోట వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ స్వయంగా తీసుకువెళ్లి మంచాలు చూపించి, ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చింది. మా సహోద్యోగిని శస్త్రచికిత్సకు అక్కడే చేరింది.