బోలింజర్ సీసా, నెల్లూరు ఎండ

అమెరికా నుంచో సింగపూర్ నుంచో వచ్చే పిల్లల పెట్టెల్లో ఈమధ్య విస్కీతో పాటు షాంపేన్ కూడా, అంటే ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చేసే నురుగు వైన్ కూడా దిగుతోంది. ఇంట్లో రెండింటినీ పక్కపక్కనే బీరువా మీద నిలబెడతారు. విస్కీకి ఏమీ కాదు. మిద్దె మీద ఎండ పడే గదిలో, రోహిణి కార్తెలో, షాంపేన్ మాత్రం వారాల్లోనే పాడైపోతుంది. సీసా మీద సంవత్సరం అచ్చయి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ: పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని మరో నాలుగేళ్లు అక్కడే ఉంచేస్తారు.

ఆ సంవత్సరం సీసా వయసు చెప్పడానికి వేసింది కాదు. మామూలు షాంపేన్‌లో రెండు మూడేళ్ల పంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కలిపి ఏటా ఒకే రుచి వచ్చేలా చూస్తారు. సంవత్సరం వేశారంటే ద్రాక్ష మొత్తం ఆ ఏటిదే అన్నమాట, దాన్నే వింటేజ్ అంటారు. మామూలు రకాన్ని సీసాలో నింపాక 15 నెలలకు అమ్ముకోవచ్చు, వింటేజ్‌కు కనీసం 3 ఏళ్లు ఆగాలన్నది అక్కడి చట్టం. మంచి కంపెనీలు అంతకు రెట్టింపు పైనే ఆగుతాయి.

అలా ఆగేవాళ్లలో బోలింజర్ ఒకటి. 1829లో ఫ్రాన్స్‌లోని ఆయీ అనే ఊళ్లో మొదలైంది. 1941 నుంచి 1971 దాకా లిలీ బోలింజర్ అనే ఆవిడ నడిపారు, యుద్ధకాలంతో సహా. వీళ్ల వింటేజ్ పేరు లా గ్రాండ్ ఆనే. ఎక్కువ భాగం పినో నువార్ అనే నల్ల ద్రాక్ష, మిగతాది షార్డొనే అనే తెల్ల ద్రాక్ష. 2008 పంటలో 71 శాతం, 29 శాతం.

షాంపేన్ ప్రాంతమంతటా లెక్క ఒకటే: 4,000 కిలోల ద్రాక్ష పిండితే 2,550 లీటర్ల రసం మించి తీయకూడదు. అందులోనూ ముందు కారే 2,050 లీటర్లే మేలు రకం. చాలామంది దాన్ని స్టీలు ట్యాంకుల్లో పులియబెడతారు. బోలింజర్ వింటేజ్ రసం మాత్రం ఓక్ పీపాల్లో పులుస్తుంది, అవీ పాత పీపాలు. కొత్త చెక్కయితే దాని వాసన వైన్‌కు పట్టేస్తుంది. వీళ్లకు కావలసింది చెక్క సందుల్లోంచి అందే పిసరంత గాలి. మొదట్లోనే కాస్త గాలి తగిలిన వైన్ తర్వాత గాలికి అంత తొందరగా లొంగదని వీళ్ల లెక్క. పీపాలు బాగుచేసే వడ్రంగిని కూడా సొంతంగా పెట్టుకున్నారు.

తర్వాత సీసాలోకి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్టు వేసి మూస్తారు. లోపల మళ్లీ పులిసి, దాదాపు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి పుడుతుంది. కారు టైరు గాలికి ఇది రెండున్నర రెట్లు. ఈ దశలో చాలామంది సోడా సీసా మూత లాంటిది బిగిస్తారు. లా గ్రాండ్ ఆనేకు బెండు బిరడా కొట్టి ఇనుప క్లిప్పు వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ రేకు మూత కన్నా బెండే గాలిని తక్కువ రానిస్తుందట. 10-12 డిగ్రీల నేలమాళిగలో, చచ్చిన ఈస్టు మడ్డి మీద ఏళ్లకేళ్లు పడుకోవడం వల్లే రొట్టె, వేయించిన బాదం లాంటి వాసనలు వస్తాయి. చివర్లో సీసాను కొంచెం కొంచెం తిప్పుతూ తలకిందులు చేసి, మడ్డిని మూతి దగ్గరికి చేరుస్తారు. మామూలుగా మూతిని గడ్డకట్టించి యంత్రంతో మడ్డి ఊడదీస్తారు. ఇక్కడ బెండు కాబట్టి పని చేత్తోనే. బిరడా తీసిన మనిషి ప్రతి సీసానూ వాసన చూసి, చెడిందనిపిస్తే పక్కన పెట్టేస్తాడు. ఈ ఒక్క పని కోసమే సీసా ధరలో కొంత ఇవ్వొచ్చనిపిస్తుంది. ఆపైన లీటరుకు 8 గ్రాముల దరిదాపుల్లో చక్కెర కలిపి మూసేస్తారు. మడ్డి తీసిన తేదీ వెనక లేబుల్ మీద ఉంటుంది. కొనేటప్పుడు పంట సంవత్సరంతో పాటు దాన్నీ చూడాలి.

2003లో యూరప్‌ను వడగాల్పులు కాల్చేశాయి. ఎండకు ద్రాక్షలో పులుపు తగ్గి తీపి పెరుగుతుంది. పులుపు లేని షాంపేన్ ఎక్కువకాలం నిలవదు. ఆ ఏటి పంటకు బోలింజర్ లా గ్రాండ్ ఆనే అని పేరు పెట్టలేదు, వేరే పేరుతో అమ్మింది.

ఇక మన వైపు సంగతి. విమానంలో పన్ను లేకుండా మద్యం 2 లీటర్ల వరకే. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు తేవచ్చు, మూడోది పెడితే 2.25 లీటర్లై లెక్క దాటుతుంది. మద్రాసు విమానాశ్రయం నుంచి నెల్లూరు దాకా మూడు గంటలకు పైనే ప్రయాణం. సీసాను డిక్కీలో పెట్టొద్దు. దారిలో టిఫినుకు ఆగిన అరగంటలో అది పొయ్యి అవుతుంది. ఏసీ తగిలేలా సీటు కింద పెట్టండి. ఇంట్లో 12 డిగ్రీల వైన్ ఫ్రిజ్ ఉంటే సరే. లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అరలో ఉంచి, ఒకటి రెండు నెలల్లో తాగేయండి. ఫ్రీజర్ వద్దు, గడ్డకట్టి పగులుతుంది.

తాగే రోజున బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు. అరగంట చాలు. ఉత్త ఐసు ముక్కలు సీసాకు సరిగా తాకవు, అందుకే నీళ్లు. రొయ్యల చెరువుల ఊళ్లలో ఐసుకు కొదవేముంది! 10-12 డిగ్రీల దగ్గర తాగాలి. మరీ చల్లబడితే పీపా, మడ్డి ఇచ్చిన వాసన ఏదీ పైకి రాదు. గ్లాసులో త్వరగా వేడెక్కుతుంది గనక సగం కన్నా తక్కువే పోయండి.

తీసేటప్పుడు రేకు ఒలిచి, తీగ చుట్టును ఆరు అరచుట్లు వదులు చేయండి, కానీ తీగను తీసేయొద్దు. బొటనవేలు బిరడా మీద నుంచి కదలకూడదు. సీసాను 45 డిగ్రీలు వంచి, ఎవరి మొహం వైపూ లేకుండా, బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పాలి. మెల్లగా 'స్‌స్' మని రావాలి. వేడి సీసాలో ఒత్తిడి ఇంకా ఎక్కువ, బిరడా కంటికి తగిలితే చూపు పోవచ్చు. పెళ్లి వీడియోల్లో ఊపి చిమ్మించడానికి వేరే చవక సీసా చూసుకోండి.

సన్నటి పొడుగు గ్లాసు కన్నా తెల్ల వైన్ తాగే బొజ్జ గ్లాసు మేలు, వాసన నిలుస్తుంది. గ్లాసుకు సబ్బు గానీ చేపల వేపుడు నూనె గానీ అంటుకుంటే నురుగు చచ్చిపోతుంది.

చేపల పులుసుతో వద్దు. చింతపండు, మామిడి పులుపు ముందు వైన్ చప్పబడుతుంది, గ్యాసు కారాన్ని ఇంకా మండిస్తుంది. నెల్లూరు కారం దోశ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉప్పు, మిరియాలతో వంజరం వేపుడు గానీ, కారం తగ్గించిన రొయ్యల వేపుడు గానీ బాగా కుదురుతాయి. కరకరలాడే వేపుళ్ల నూనె జిడ్డును షాంపేన్‌లోని పులుపు బాగా కోస్తుంది.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బెండు చెడిందని అర్థం, పారబోయడమే. వడిలిన ఆపిల్, అక్రోటు వాసనలు కొంతవరకు బోలింజర్ లక్షణమే, కంగారు పడొద్దు. వాటితో పాటు రంగు గోధుమకు తిరిగి, బుడగలు నీరసించి, బిరడా తేలిగ్గా జారివస్తే మాత్రం దారిలోనో బీరువా మీదనో ఎండ తగిలినట్టే.

సీసా మిగిలితే మూతిలో చెంచా వేలాడదీయడం వల్ల లాభమేమీ లేదు. షాంపేన్ కోసమే చేసిన బిగింపు మూత వేసి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మర్నాటికి బాగుంటుంది, మూడో రోజుకు గ్యాసు చాలా పోతుంది.