సూళ్లూరుపేటలోనే ఉండాలా, గుమ్మిడిపూండికి రావాలా?

మా తమ్ముడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కాపురం సూళ్లూరుపేటలో, అమ్మతో కలిసి. పాపని వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో వేయాలి. "అక్కా, ఇక్కడే ఉండిపోమంటావా, గుమ్మిడిపూండిలో ఇల్లు చూసుకోమంటావా?" అని కొన్నాళ్లుగా అడుగుతున్నాడు. ఫ్యాక్టరీకి అటు నుంచైనా ఇటు నుంచైనా దూరం ఇంచుమించు ఒకటే. సూళ్లూరుపేట ఆంధ్రాలో, గుమ్మిడిపూండి తమిళనాడులో, మధ్యలో ఉన్నది రాష్ట్రాల సరిహద్దు మాత్రమే. లోకల్ ట్రైన్‌లో తమిళనాడు వైపు చివరి స్టేషన్ ఆరంబాకం దాటితే ఆంధ్రాలో తడ, అంతే. కానీ ఆ ఒక్క స్టేషన్ దాటితే బతుకు ఎంత మారుతుందో రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి, వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

పెళ్లయ్యాక చెన్నైలోని పెరంబూరు వచ్చాను. అప్పటినుంచి మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. మా వీధుల్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు చాలామంది మా దగ్గర మాత్రలు కొనరు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన షీటు తెచ్చి, "ఇది పొద్దున వేసుకోవాలా, రాత్రా?" అని అడిగి వెళ్తారు. షీటు మీద తమిళనాడు ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అని ఉంటుంది. మా షాపుకి అది వ్యాపారం కాదు, అయినా అది చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

ఆ మాత్ర ఆ ముసలావిడ చేతికి రావడం వెనక 1994లో పెట్టిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ఉంది. రాష్ట్రం మొత్తానికి కావలసిన మందులు ఒకేచోట జెనెరిక్ పేర్లతో, అంటే కంపెనీ బ్రాండుతో కాకుండా మందు అసలు పేరుతో, టెండరు పిలిచి కొంటారు. జిల్లా గోడౌన్‌కి వచ్చిన సరుకు ల్యాబ్ పరీక్షలో నెగ్గితేనే బయటికి వెళ్తుంది. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఉంటుంది, అందులో ఉన్న మొత్తానికి తమకి ఏది కావాలో ఆసుపత్రివాళ్లే రాసి తెచ్చుకుంటారు. 1996, 2001, 2006, 2011, 2021... ఇన్నిసార్లు ఇక్కడ అధికారం చేతులు మారింది. ఈ ఏర్పాటుని ఎవరూ చెడగొట్టలేదు. 2021 ఆగస్టు నుంచి మాత్రలు ఇంటికే తెచ్చివ్వడం కూడా దానికి తోడైంది.

తమ్ముడికి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఏ ప్రభుత్వం ఎంత ఇస్తుంది అని మాత్రమే చూడొద్దు, ఇచ్చింది వచ్చే ఎన్నికల తర్వాత కూడా ఉంటుందా అని చూడు.

బడి అన్నం సంగతే తీసుకోండి. 1956లో కామరాజ్ మొదలుపెట్టారు, 1982లో ఎంజీఆర్ పెద్దది చేశారు, కరుణానిధి గుడ్డు చేర్చారు, 2022లో స్టాలిన్ పొద్దున టిఫిన్ కూడా పెట్టించారు. వీళ్లలో ఒకరికొకరు ఎంత బద్ధ విరోధులో అందరికీ తెలుసు. అమ్మ క్యాంటీన్లు 2013లో వచ్చాయి, 2021లో ప్రభుత్వం మారాకా ఇడ్లీ రూపాయికే దొరికింది. మన అన్నా క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో మూసేశారు, 2024లో మళ్లీ తెరిచారు. మధ్యలో ఆ అయిదేళ్లూ ఆకలి ఆగి ఉంటుందా?

రేషన్ కూడా అంతే. ఆంధ్రాలో 2021లో ఇంటి ముందుకి బండ్లు వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్లీ షాపుకి వెళ్లాలి. పిల్లల్ని బడికి పంపే తల్లులకి డబ్బిచ్చే అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది, కానీ ఆ మార్పులో 2024లో తల్లుల ఖాతాల్లో ఏమీ పడలేదు. పాప ఫీజుకి ఆ డబ్బు లెక్కేసుకున్న ఇంట్లో ఆ ఏడాది ఎంత టెన్షన్ పడి ఉంటారో నాకు తెలుసు, మా చుట్టాల్లోనే చూశాను. రాజధాని గురించి చెప్పడం మొదలుపెడితే నా కడుపు మండుతుంది, వదిలేస్తున్నా.

తమిళనాడులో ఏదీ ఆగదని కాదు. 2020 చివర్లో పెట్టిన అమ్మ మినీ క్లినిక్‌లు ప్రభుత్వం మారాక మూతపడ్డాయి. కానీ అన్నం, మందు, రేషన్... ఈ మూడింటి జోలికి వెళ్లడానికి ఏ పార్టీకీ ధైర్యం లేదు. జనం ఊరుకోరు.

ఆంధ్రాని తక్కువ చేస్తున్నానని మా ఊరివాళ్లు అనుకోకూడదు. 108 అంబులెన్స్ 2005లో మన దగ్గర మొదలైంది, తమిళనాడుకి 2008లో గానీ రాలేదు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, ఇక్కడ అలాంటి బీమా రెండేళ్ల తర్వాత. ఆడవాళ్లకి ఉచిత బస్సు ఇక్కడ ముందొచ్చినా టౌన్ బస్సుల వరకే. ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి ఎక్స్‌ప్రెస్ కూడా ఎక్కొచ్చు. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి చనిపోయిన తల్లులు ఆంధ్రాలో 45 మంది, తమిళనాడులో 54. ఇక పింఛను. ఒకటో తేదీన అమ్మ గడప దగ్గరికే నాలుగు వేలు వస్తాయి. ఇక్కడ వృద్ధాప్య పింఛను 2023లో పెంచాక కూడా 1200, అదీ ఎవరూ లేనివాళ్లకి. "నా డబ్బు నా చేతిలో పడుతోంది, నేనెక్కడికీ రాను" అని అమ్మ తెగేసి చెప్పింది. ఆమె మాట న్యాయమే.

కానీ పాప విషయంలో నా మనసు ఇటే లాగుతోంది. 2020 లెక్కల్లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా పోయిన పిల్లలు తమిళనాడులో 13 మంది, ఆంధ్రాలో 24. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రాలో నూటికి 29 మంది, ఇక్కడ 13. ఈ అంకె చదివినప్పుడు మేనకోడలు కళ్ల ముందు మెదిలింది. ఇక్కడ సర్కారు బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివి కాలేజీకి వెళ్లే అమ్మాయికి నెలకి వెయ్యి ఇచ్చే పథకం 2022లో వచ్చింది. మెడికల్ సీట్లలో సర్కారు బడి పిల్లలకి 7.5 శాతం 2020లో పళనిస్వామి ప్రభుత్వం ఇచ్చింది, తర్వాత వచ్చిన డీఎంకే దాన్ని అలాగే ఉంచింది.

ఒక బాధ మాత్రం ఉంది. 2006 చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మా పిల్లవాడికి తెలుగు చదవడం, రాయడం ఇంట్లో నేనే నేర్పాను. పక్కింట్లో తెలుగు పిల్లలే, మాట్లాడతారు గానీ అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవలేరు. గుమ్మిడిపూండికి వస్తే పాపకి తెలుగు నేర్పే పని తమ్ముడూ మరదలూ మొదటి రోజునుంచే పెట్టుకోవాలి. సెలవుల్లో నా దగ్గరికి పంపితే నేనూ కూర్చోబెడతాను.

మరదలు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమె పుట్టిల్లు నాయుడుపేట, ఇప్పుడు ఉచిత బస్సులో వెళ్లి వస్తోంది. పాపని బడికి పంపేదీ, రేషన్ షాపుకి వెళ్లేదీ ఆమే కాబట్టి ముందు ఆమెని అడగమన్నాను. వస్తామంటే మాత్రం ఇల్లు స్టేషన్‌కి దగ్గర్లో చూడాలి. అమ్మ అక్కడ ఒంటరిగా ఉంటుంది, సూళ్లూరుపేట దాకా వెళ్లే లోకల్ ట్రైన్లు తక్కువ, రాత్రిపూట కబురొస్తే వెంటనే బయల్దేరగలగాలి.