రబ్బరు లేని పెన్సిల్

బైపాస్ అయిన పదకొండో రోజు పొద్దున్న మా మావయ్యగారు ఒక గోల్ఫ్ స్కోర్ కార్డు, ఒక బుల్లి పెన్సిల్ తెచ్చి నా మంచం పక్కన మందుల స్టూలు మీద పెట్టారు. కార్డులో 18 గళ్లు, బంతి పడాల్సిన ఒక్కో గుంటకి (హోల్) ఒకటి, కింద రెండు సంతకాలకి చోటు. "రోజుకి ఎన్ని నిమిషాలు నడిచావో ఇందులో రాయి బాబూ. మార్కర్‌ని, అంటే నీ లెక్క చూసేవాణ్ణి నేను, సంతకం నేను పెడతాను" అన్నారు. పెన్సిల్ చిటికెన వేలంత ఉంది, వెనకాల రబ్బరు లేదు. పడిపోయిందేమో అనుకున్నాను. గోల్ఫ్ పెన్సిళ్లకి మామూలుగా రబ్బరు ఉండదట.

నాకప్పుడు 51 ఏళ్లు. వైజాగ్‌లో ఆడిటర్‌ని, అంటే ఊళ్లోవాళ్ల లెక్కల్లో తప్పులు పట్టడమే నా తిండి. అలాంటి నేను మూడు వారాలపాటు నా ఒంటి లెక్క ఎలా దాచానో ముందు చెప్పాలి.

తొమ్మిదేళ్లుగా సుగర్ ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆఫీసు మెట్లెక్కుతుంటే కింది దవడ లాగడం మొదలైంది. గుండెలో కాదు, ఎడమ చేతిలో కాదు, దవడలో. ఆగితే తగ్గేది, మళ్లీ ఎక్కితే మళ్లీ వచ్చేది. నేను పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను! ఆయన పళ్లు శుభ్రం చేసి పంపారు. తర్వాత గ్యాస్ అనుకుని మందుల షాపులో మాత్రలు కొనుక్కున్నాను. మా ఆవిడకి చెప్పలేదు. చెబితే ఆసుపత్రికి లాక్కెళుతుంది, 30వ తేదీ లోపల టాక్స్ ఆడిట్ రిపోర్టులు వెళ్లాలి, ఆ టెన్షన్‌లో దవడ గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? సుగర్ ఉన్నవాళ్లకి గుండెనొప్పి ఇలా వేషం మార్చుకుని వస్తుందని తర్వాత తెలిసింది.

మావయ్యగారు పోర్టులో మెకానికల్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. 43వ ఏట పై ఆఫీసరు బలవంతం మీద గోల్ఫ్ కర్ర పట్టుకుని, ఇక వదల్లేదు. ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఆయనకి రెండో ఇల్లు. "తెల్లారగట్ట లేచి కర్రతో గడ్డి పీకడానికి పోతారు" అనేవారు అత్తయ్యగారు. కానీ ఆదివారం మాత్రం తొమ్మిది హోల్స్‌తో ఆపేసి ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండేవారు, ఎందుకంటే ఆదివారం పెసరట్లు వేసే డ్యూటీ ఆయనది. కూతుళ్లు చిన్నగా ఉన్నప్పుడు మొదలైన డ్యూటీ, వాళ్లకి పెళ్లిళ్లయి మనవలు వచ్చినా మారలేదు. అత్తయ్యగారికి కేన్సర్ వచ్చిన ఏడాది క్లబ్బు మొహమే చూడలేదు. సాయంత్రాలు కిట్ బ్యాగ్ బయటికి తీసి, కర్రలన్నీ తడిగుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టేసి, ఆవిడ మందుల డబ్బాలో మర్నాటి మాత్రలు సర్దేవారు.

నా దవడ లాగుతున్న ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆయనతో ఆడేవాళ్లు ఎవరో రాలేదు. "ఊరికే తోడు నడవండి బాబూ" అన్నారు. నాకు గోల్ఫ్ రాదు, అయినా కాదనలేక వెళ్లాను. మంచుకి సాక్సు తడిసిపోయాయి. నాలుగో హోల్ దగ్గర కాస్త ఎత్తు ఎక్కేసరికి దవడ పట్టేసింది, చొక్కా వీపుకి అంటుకుపోయేంత చెమట. బంకర్ (ఇసుక గుంట) పక్కన కూలబడ్డాను. ఆయన వచ్చి గొంతుక్కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే మావయ్యగారూ."

ఆయన లేచి వెళ్లి, గడ్డిలో ఉన్న తన బంతి తీసి జేబులో వేసుకున్నారు. ఆటలో ఉన్న బంతిని అలా తీసేశారంటే ఆట వదిలేసినట్టే. ముప్పై ఏళ్లలో ఆయన ఆ పని చేయడం అదే మొదటిసారని, కర్రల బ్యాగు మోసే కుర్రాడు, కేడీ అంటారు, తర్వాత చెప్పాడు. మళ్లీ వచ్చి, "ఎన్నాళ్లుగా దాస్తున్నావు?" అన్నారు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఆయన నన్ను నువ్వు అనడం కూడా అదే మొదలు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ మీరు అనలేదు.

"మూడు వారాలు" అన్నాను.

ఈసీజీ, రక్తపరీక్ష, మణికట్టు దగ్గర నుంచి యాంజియోగ్రామ్, అన్నీ ఆ రోజే అయిపోయాయి. గుండె రక్తనాళాలు మూడింట్లో బ్లాకులు. సుగర్ ఉండి మూడూ మూసుకుంటే స్టెంట్ల కన్నా బైపాస్ మేలని డాక్టర్లు చెప్పారు. రొమ్ము ఎముక కోసి, లోపలి వైపు నుంచి ఒక ధమని, కాల్లోంచి తీసిన సిర కలిపి కొత్త దారులు వేశారు. నాకు గుర్తున్నది మెలకువ వచ్చాక దాహం ఒక్కటే. గొంతులో గొట్టం, మాట రాదు, నర్సమ్మ తడి దూదితో పెదాలు అద్దుతుంటే ఆ దూది కొరికేద్దామనిపించింది. దగ్గు వస్తే దిండు గుండెకి గట్టిగా హత్తుకుని దగ్గమన్నారు. ఆ దిండు లేకుండా ఒకసారి దగ్గాను. రెండోసారి ఆ తప్పు చేయలేదు.

ఊపిరి కసరత్తుకి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు, మూడు గదుల్లో మూడు బంతులు, మీద 600, 900, 1200 అని ఉంటుంది. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. నాకు మొదటి బంతి సగం లేచి ధబ్బున పడేది. విజిటింగ్ టైములో మావయ్యగారు అది చూసి "ఇదేటి బాబూ, నేను కొట్టినట్టే ఉంది" అన్నారు. నవ్వు ఆపుకోలేక దిండు కోసం తడుముకున్నాను.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఎముకని తీగతో కుట్టారు, అది పూర్తిగా అతకడానికి మూడు నెలలదాకా పడుతుంది. రెండు కిలోలు మించి ఎత్తకూడదు, తలుపు లాగకూడదు, బండి నడపకూడదు, మంచం మీద నుంచి లేవాలంటే పక్కకి దొర్లి లేవాలి. ఛాతీ కన్నా సిర తీసిన కాలే ఎక్కువ బాధపెట్టింది. ఇంకోటి, ఏడుపు. టీవీలో ఎవరో గుత్తివంకాయ కూర చేస్తుంటే వెక్కివెక్కి ఏడ్చాను. పిచ్చెక్కిందేమోనని భయపడి చెకప్‌లో అడిగితే, ఈ ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది, కొన్ని వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే చెప్పండి అన్నారు డాక్టరు. ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇక కార్డు. మొదట పూటకి అయిదు నిమిషాలు, తర్వాత రోజూ ఒకటో రెండో పెంచుకుంటూ పోవాలి. అయిదో రోజు కాలు సలపరించి ఏడు నిమిషాలకే వెనక్కి వచ్చేశాను, గడిలో 12 అని రాశాను. సాయంత్రం మావయ్యగారు వచ్చి కార్డు చూసి, నన్ను చూసి, "వాచ్‌మన్ ఏడంటున్నాడు" అన్నారు. ఊరి లెక్కలు ఆడిట్ చేసేవాడిని, వాచ్‌మన్ ఆడిట్‌లో దొరికిపోయాను.

ఆయన కోప్పడలేదు. అమెరికా గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్ కథ చెప్పారు. 1925 యూఎస్ ఓపెన్‌లో జోన్స్ బంతి కొట్టబోతుంటే అది కాస్త కదిలిందట, ఎవరూ చూడలేదట, తానే చెప్పి తన స్కోరుకి ఒక దెబ్బ కలిపించుకున్నాడు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడే నెగ్గేది. చివరికి టై అయి, ప్లేఆఫ్‌లో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. "కొట్టినదానికన్నా తక్కువ రాసి సంతకం పెడితే పోటీలోంచి తీసేస్తారు, ఎక్కువ రాసుకుంటే ఆ ఎక్కువే ఖాయం. గోల్ఫ్‌లో తక్కువ రాసేవాడు దొంగ, నడకలో ఎక్కువ రాసేవాడు దొంగ" అన్నారు. చెరపడానికి రబ్బరు లేదు కదా, 12 కొట్టేసి పక్కన 7 రాశాను. ఆయన కింద సంతకం పెట్టారు. ఆ కొట్టివేత ఇప్పటికీ ఆ కార్డు మీద ఉంది.

రెండో నెల దాటేసరికి ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి ముప్పై, నలభై నిమిషాలు నడవగలిగాను, ఆయన నా పక్కనే. మూడు నెలలయ్యాక డాక్టరు సరేనంటే క్లబ్బుకి తీసుకెళ్లి, బంతిని గుంటలోకి నెట్టే కర్ర, పుట్టర్, చేతికిచ్చారు. నాలుగుంపావు అంగుళాల గుంట, ఆరడుగుల దూరం, నాకు పదకొండు దెబ్బలు పట్టింది. పదకొండూ రాయించారు.

ఆ తర్వాతి వేసవిలో ఒక రోజు ఆయన బాత్రూమ్ ముందు కళ్లు తిరిగి పడిపోయారు. గుండెలో వాల్వ్ బాగా సన్నబడిపోయిందన్నారు. ఏం చేయాలో డాక్టర్లు మాట్లాడుకుంటుండగానే, మూడో రోజు తెల్లవారుజామున, వెళ్లిపోయారు. 74 ఏళ్లు.

పన్నెండో రోజు అయ్యాక ఆయన బీరువా సర్దుతుంటే స్కోర్ కార్డుల కట్ట దొరికింది, రబ్బరు బ్యాండు వేసి, తేదీల వారీగా. చివరి ఏడాదివి తీసి చూశాను. తొమ్మిది హోల్స్ ఆడే మనిషి ఆరే ఆడారు. తర్వాత నాలుగు. మిగతా గళ్లల్లో అడ్డగీతలు. ఒక కార్డు అంచున సన్నటి అక్షరాలతో "ఎత్తు దగ్గర ఆయాసం. కూర్చున్నాను" అని, కింద కేడీ సంతకం. ఆ నెలల్లో ఆయన ఆదివారాలు ఏడుంపావుకే ఇంటికి వచ్చేస్తుంటే, ఇప్పటికైనా ఇల్లు గుర్తొచ్చిందని అత్తయ్యగారు మురిసిపోయారు, పెసరట్లు తొందరగా దొరుకుతున్నాయని మేమూ సంబరపడ్డాం. నాతో బీచ్‌లో నడుస్తూ మధ్యలో ఆగి సముద్రం చూసేవారు. నా కోసం ఆగుతున్నారనుకున్నాను.

ఆయన అబద్ధం రాయలేదు. మాకు చెప్పలేదు, అంతే. ఆ కార్డులు ఎప్పుడూ డైనింగ్ టేబుల్ మీదే పడి ఉండేవి, మేమెవరం తిప్పి చూడలేదు. నన్ను బంకర్ పక్కన పట్టుకున్న మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాని వెనకే నా మీద.

అత్తయ్యగారు పక్కన కూర్చుని ఒక్కో కార్డు తీసి చూశారు. "ఈ గీతలేటి బాబూ?" అని అడిగారు. ఆడలేకపోయినవని చెప్పాను. ఆవిడ ఆ గీతల్ని వేలితో తడిమి, కట్టకి మళ్లీ బ్యాండు వేసి, "మీరు రాత్రి మాత్ర వేసుకున్నారా?" అన్నారు.

వేసుకోలేదు. అదే చెప్పాను.