మోకాళ్ళ బామ్‌కి మళ్ళీ చెమటే

ఇవాళ మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే మళ్ళీ అదే గొడవ. బామ్ మీద బొట్లు బొట్లుగా నూనె, అంచు చుట్టూ పల్చటి చార. పొద్దున గట్టిగా ఉన్నదే, మూడింటికి గదిలో 38 డిగ్రీలు దాటేసరికి వేలు గోరు దాకా దిగిపోతోంది. రోహిణి కార్తెలో, అదీ విజయవాడలో, బామ్ చేయడమేంటని ఇంట్లో నవ్వుతున్నారు. అమ్మ మోకాళ్ళు వానాకాలం దాకా ఆగవుగా మరి.

100 గ్రాములకు నా లెక్క: గానుగ నువ్వుల నూనె 66, తేనె మైనం 20, పుదీనా పువ్వు (మెంథాల్) 6, పచ్చకర్పూరం 5, నీలగిరి తైలం 2.5, లవంగ తైలం 0.5. లవంగం అంతకు మించి వేయను, చర్మం మండుతుంది.

మైనం 25 చేస్తే చెమట తగ్గింది కానీ చెయ్యి జారదు, కాలి మీద వెంట్రుకలు లాగేస్తోంది. 30 చేస్తే అది బామ్ కాదు, కొవ్వొత్తి.

మొదటి అనుమానం మైనం మీదే. వన్ టౌన్‌లో కొన్న ముద్ద అది. అసలైన తేనె మైనం 62–64 డిగ్రీల మధ్య కరగాలి, ఇది 56 దగ్గరే అంచులు జారింది. పారఫిన్ కలిపారనే అనుకుంటున్నా. తేనె పట్టేవాళ్ళ దగ్గర తెచ్చిన మైనంతో చేస్తే చెమట 40 దగ్గర పట్టింది. ఆలస్యమైంది, అంతే. ఇక చల్లార్చడంలో ఏమైనా తేడా ఉందేమోనని పోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాను. పైన అద్దంలా నున్నగా వచ్చింది, మూడింటికి మళ్ళీ మామూలే.

దాంతో ఒక్కో సరుకూ తీసేస్తూ చిన్న డబ్బాల్లో పోశాను. నూనె, మైనం మాత్రమే ఉన్నది 41లోనూ పొడిగానే ఉంది. కర్పూరం ఒక్కటే వేసింది కాస్త మెత్తబడింది. పుదీనా పువ్వు ఒక్కటే వేసిన దాంట్లో చెమట లేదు గానీ, మూత లోపల సన్నటి తెల్లటి సూదులు మొలిచాయి. ఆవిరై మళ్ళీ గడ్డకట్టిన మెంథాల్ అది. రెండూ కలిసిన డబ్బాలోనే వరద.

పుదీనా పువ్వు, కర్పూరం, వాము పువ్వు సీసాలో వేసి ఊపితే పొయ్యి అక్కర్లేకుండానే నీరైపోతాయి కదా, కడుపునొప్పికి ఇళ్ళలో పెట్టుకునే మందు. నా డబ్బాలో జరిగేదీ అదే. విడిగా మెంథాల్‌కి 42 డిగ్రీలు కావాలి, కర్పూరానికి 175 పైన. కలిస్తే గది వేడికే ద్రవం. అంటే 20 గ్రాముల మైనం మోస్తున్నది 69 గ్రాముల నూనెని కాదు, 80 గ్రాముల ద్రవాన్ని. పైగా ఆ ద్రవం మైనాన్నే మెత్తబరుస్తోందని నా ఊహ.

అదే అరలో పక్కనే అమృతాంజనం చెక్కుచెదరకుండా కూర్చుంది. మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన సరుకు. చూస్తే కుళ్ళుగా ఉంది.



తైలాలు కొనేటప్పుడు ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అన్న మాటకి డబ్బులు పోయకండి. అది కంపెనీలు పెట్టుకున్న పేరు, ఏ ప్రమాణాల సంస్థా ఇచ్చేది కాదు. గంధం తైలం, నిమ్మగడ్డి తైలం ఒకే ధరకి అమ్ముతున్నారంటే అది సెంటే. నేనైతే జీసీ-ఎంఎస్ రిపోర్ట్, అంటే తైలంలో ఏమేం ఉన్నాయో చెప్పే ల్యాబ్ పరీక్ష, చూపించేవాళ్ళ దగ్గరే కొంటాను.

ఈసారి కార్నూబా మైనం (ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసేది) తెప్పిస్తున్నా, అది కరగాలంటే 82 డిగ్రీలు దాటాలి. తేనె మైనంలో 4 గ్రాములు తీసి దాన్ని వేస్తాను, కర్పూరం పూర్తిగా మానేస్తాను. ఘాటు తగ్గిందని అమ్మ సణుగుతుంది, ఖాయం. వింటర్‌గ్రీన్ తైలం (నొప్పి మందుల్లో వేసే ఘాటు నూనె) వేస్తే ఆ లోటు తీరుతుంది గానీ, అమ్మ రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటోంది, దానికీ దీనికీ పడదు. అల్లం తైలం 1 గ్రాముతో మొదలుపెట్టి చూస్తా.