పాంపోర్ కేసర్ తేనె

శ్రీనగర్ నుంచి జమ్మూ వైపు పాత రోడ్డులో అరగంట వెళ్తే పాంపోర్. రోడ్డుకు రెండు పక్కలా కుంకుమపువ్వు, డ్రై ఫ్రూట్స్ దుకాణాలే. ప్రతి దుకాణంలో ముందు వరసలో తేనె సీసాలు ఉంటాయి. కొన్నిట్లో వట్టి తేనె, కొన్నిట్లో బాదం, అక్రోట్లు మునిగిన తేనె. అన్నిటికంటే ఖరీదైన సీసాల్లో ఎర్రటి పోగులు కనిపిస్తాయి. దాన్ని కేసర్ షహద్, అంటే కుంకుమపువ్వు తేనె అంటారు. ఇక్కడి కుంకుమ పూల మీద వాలిన తేనెటీగలు ఇచ్చిన తేనె కాబోలు అనుకుంటాం. అమ్మేవాళ్లు కూడా మన ఊహకు అడ్డు చెప్పరు.

నేను వెళ్లింది అక్టోబరు ఆఖరి వారంలో, సరిగ్గా పూలు కోసే రోజుల్లో. ఏడు కాకముందే పొలానికి చేరాను. కరేవా అనే మెట్ట నేలలవి. నీళ్లు నిలవకుండా చుట్టూ చిన్న కాలువలు తీసి, మధ్యలో నేలను మడులుగా ఎత్తు చేశారు. పైన పచ్చదనం దాదాపు లేదు. గోధుమరంగు మట్టిలోంచి తిన్నగా ఊదారంగు మొగ్గలు పైకి వచ్చి ఉన్నాయి. ఫెరన్లు అనే పొడవాటి వదులు అంగీలు తొడుక్కున్న ఆడవాళ్లు, పిల్లలు, ముసలాయన ఒకరు, ఇంటిల్లిపాదీ వంగి కోస్తున్నారు. పక్కన అల్లిక బుట్టలు. ఒక్కో పువ్వులో ఎర్రటి కీలాగ్రాలు, అంటే ఎండబెడితే కుంకుమపువ్వు అయ్యే పోగులు, మూడే. కిలో కుంకుమపువ్వు కావాలంటే దాదాపు లక్షన్నర పూలు కావాలి. 2020లో కశ్మీర్ కుంకుమపువ్వుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ వంగిన నడుములు చూశాక ధర గురించి బేరమాడడానికి నాకు నోరు రాలేదు.

తేనె సంగతి ముసలాయన్నే అడిగాను. ఆయన నవ్వి, "తేనెటీగ నిద్ర లేచేలోపే మేం పువ్వు కోసేస్తాం భాయ్‌సాబ్, ఇక దానికి మిగిలేదేముంది?" అన్నారు. నిజమే. ఆ చలిలో తేనెటీగలు పెట్టె దాటి రావు. పువ్వేమో విచ్చుకోకముందే బుట్టలో పడిపోతుంది. పైగా పూత మొత్తం రెండు మూడు వారాలే. కాబట్టి కేసర్ తేనె అంటే వేరే పూల తేనెలో కుంకుమపువ్వు ఊరబెట్టినదన్నమాట.

ఎక్కువగా వాడేది అకేషియా తేనె. మన తుమ్మచెట్టు కాదది. మే నెలలో తెల్లటి గుత్తులు పూసే రోబీనియా చెట్టు. ఆ తేనె లేత రంగులో ఉంటుంది, తొందరగా పేరుకోదు. తేనెటీగల పెట్టెలను కూడా అదే రోజు ఊరి చివర చూశాను. లారీకెక్కిస్తున్నారు. చలికాలమంతా అవి రాజస్థాన్ ఆవాల పొలాల్లో ఉంటాయట.

ముసలాయన వాళ్లింట్లో తేనె ఎలా ఊరబెడతారో ఆయన కోడలు చూపించింది. సీసాలో చిటికెడు కేసరం (కుంకుమపువ్వు), విప్పని యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క, ఎండు గులాబీ రేకులు. పైన తేనె పోసి మూత పెట్టడమే. పొయ్యి మీద పెట్టే పని లేదు. రేకులు మాత్రం చేత్తో నలిపితే పొడి అయ్యేంతగా ఎండాలి. పచ్చిగా వేస్తే వాటి తేమ చేరి తేనె పులిసిపోతుంది. "మూడు వారాలైనా ఆగండి" అని గట్టిగా చెప్పింది.

ఎందుకు ఆగాలంటే, కుంకుమపువ్వుకు రంగునిచ్చే క్రోసిన్ నీళ్లలో కరిగే పదార్థం. తేనెలో నీళ్లు ఇంచుమించు ఐదో వంతు కూడా ఉండవు. అందుకే రంగు చాలా నెమ్మదిగా దిగుతుంది, అదీ బంగారు పసుపు రంగులో. హైవే మీద ఒకాయన నా కళ్ల ముందే పోగులు వేసి, సీసాను అటూ ఇటూ తిప్పి, క్షణాల్లో తేనె ఎర్రబడితే "అసలు సరుకు" అన్నాడు. దండం పెట్టి బయటికొచ్చేశాను. అసలు కేసరం గోరువెచ్చటి నీళ్లలో వేసినా పసుపు మెల్లగా దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. నీళ్లు ఎర్రబడి పోగు వెలిసిపోయిందంటే అది రంగేసిన సరుకే.

రుచి చెప్పాలంటే, ముందు తీపి, వెంటనే ఎండుగడ్డి లాంటి వాసన, కాస్త చేదు. ఆ తర్వాత యాలకులు. గొంతులో చివరికి మిగిలేది దాల్చినచెక్క ఘాటు. శొంఠి, మిరియాల పొడి తేనెలో రంగరించుకుని నాకిన మనకు ఈ వెచ్చదనం కొత్తేమీ కాదు. గులాబీ మాత్రం నాకు ఎక్కువైందనిపించింది. నేనైతే రేకులు సగం తగ్గిస్తాను. వాళ్లు దీన్ని కహ్వా అనే కశ్మీరీ టీలో కలుపుకుంటారు. టీ కాచే సమోవార్ పాత్రలోంచి కప్పులోకి వంపాక కాస్త ఆగి, సెగ తగ్గిన తర్వాతే చెంచాడు తేనె, పైన బాదం పలుకులు.

మన వైపు నుంచి వచ్చామని తెలియగానే దుకాణాల వాళ్లు "ఇంట్లో గర్భిణులున్నారా?" అని అడుగుతారు. తెల్లటి బిడ్డ పుడతాడన్న నమ్మకం మీద అంత వ్యాపారం సాగుతోంది మరి. ఆ మాట వింటే నాకు చిరాకు. ఏడాది లోపు పిల్లలకైతే ఏ తేనే నాకించకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే.

వెళ్లాలనుకునేవాళ్లు అక్టోబరు ఆఖరి వారం నుంచి నవంబరు మధ్య లోపు వెళ్లండి. పొద్దెక్కితే పొలంలో పూలుండవు, ముందు రోజు రాత్రే ట్యాక్సీ మాట్లాడుకోండి. కేసరం, తేనె విడివిడిగా కొనుక్కుని ఇంటికొచ్చి కలుపుకోండి. కలిపిన సీసా కంటే చవక, పైగా అందులో ఏం వేశారో మీకు తెలుస్తుంది. తేనె సీసాను చెక్‌ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టండి.