గజాల బటన్

ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో నేను రోజుకి పదిసార్లు చేసే పని ఒకటుంది. స్థలం హద్దులు గీశాక ఆ పాలీలైన్‌ని, అంటే హద్దులన్నీ కలిసిన ఒకే గీతని, పట్టుకుని ఏరియా చూడటం, కాలిక్యులేటర్లో గజాలకి మార్చడం, మళ్ళీ వచ్చి ప్లాను మధ్యలో ఆ అంకె టైపు చేయడం. గుంటూరులో స్థలం ఎంతని ఎవరినడిగినా గజాల్లోనో సెంట్లలోనో చెబుతారు. ఆటోక్యాడ్‌కి సెంటంటే ఏమిటో తెలియదు. ఇవాళ పని పల్చగా ఉందని దీనికో బటన్ పెట్టుకుందామని కూర్చున్నా.

లిస్ప్ రొటీన్, అంటే ఆటోక్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం, ఇంతకుముందే రాసి ఉంది. మేం గీసేది అంగుళాల్లో. వైశాల్యాన్ని 1296తో భాగిస్తే గజాలు, ఆ వచ్చినదాన్ని 48.4తో భాగిస్తే సెంట్లు. ఇక దాన్ని బటన్‌కి తగిలించడమే. బటన్లూ మెనూలూ మార్చుకునే సీయూఐ తెరిచి కొత్త కమాండ్ అనగానే, బటన్ నొక్కితే ఏం జరగాలో రాసే మాక్రో గళ్ళో టోపీ గుర్తూ సీ అక్షరమూ (^C) రెండుసార్లు ఆటోక్యాడే వేసిచ్చింది. అంటే ముందు ఏ కమాండ్ సగంలో ఉన్నా దాన్ని ఆపేసి మనది మొదలెట్టమని. దాని పక్కన నా కమాండ్ పేరు, అంతే. మాక్రోలో స్పేస్ కొడితే ఎంటర్ కొట్టినట్టే కాబట్టి ఎక్కడా తీరిగ్గా ఖాళీలు వదలకూడదు.

అసలు టైమంతా బొమ్మకే పోయింది. బటన్ మీద ‘గ’ అని ఉండాలని నా పట్టుదల. 32 గళ్ళ (పిక్సెళ్ళ) బొమ్మలో బాగానే కుదిరింది. 16 గళ్ళ చిన్నదానికి వచ్చేసరికి తలకట్టు కిందకి అతుక్కుపోయి అక్షరం కాస్తా గొడుగైంది. నాలుగుసార్లు చెరిపి, గొడుగే కానీలెమ్మని వదిలేశా.

36 అడుగులకి 60 స్థలం మీద నొక్కాను. 240.00 గజాలు, 4.96 సెంట్లు. లోపల ఒక గంతు వేశాను. ఇంకో ఫైలు తెరిచి నొక్కితే అసలు ఇలాంటి కమాండే లేదంది! లిస్ప్ ఏ డ్రాయింగ్‌లో లోడ్ చేస్తే ఆ డ్రాయింగ్‌కే పరిమితం. మర్చిపోయాను. యాప్‌లోడ్‌లో స్టార్టప్ సూట్‌లో, అంటే ప్రతి ఫైలుతోనూ దానంతటదే లోడయ్యే జాబితాలో, పడేశాక దారికొచ్చింది.

మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన స్క్రీన్ మీద ఒక్క టూల్‌బారూ ఉండదు. ఎడం చెయ్యి కీబోర్డు మీద పెట్టి ఎల్ స్పేస్, టీఆర్ స్పేస్ అంటూ పొట్టి కమాండ్లు వాయించుకుంటూ పోతారు. ఆయనకి చూపించాలని ఆయన ఫైల్లోనే, 30కి 54 స్థలం మీద నొక్కాను. 1,16,128.80 గజాలు.

"అమ్మాయ్, స్థలం కొలిచావా, చదివింపులు రాశావా?" అన్నారు. ఆఫీసంతా నవ్వు.

ఆ ఫైలు బయటి నుంచి వచ్చింది, మిల్లీమీటర్లలో గీశారు. సరే, ఫైలు కొలత ఏదో ఇన్స్‌యూనిట్స్ అనే సెట్టింగ్‌లో చూసి దాని ప్రకారం భాగించమని రాద్దామనుకుంటే, అక్కడ 1 అని ఉంది. అంటే అంగుళాలట! గీసినవాళ్ళు ఆ సెట్టింగ్ జోలికే పోలేదు. అలాంటి ఫైళ్ళు వారానికి రెండు మూడు వస్తుంటే ఇక దాన్ని నమ్ముకుని ఏం లాభం? అతి తెలివికి పోకుండా రెండో బటన్ పెట్టేశా. ఇది 836127.36తో భాగిస్తుంది. బొమ్మ అదే గొడుగు, రంగు మాత్రం ఎరుపు.

సాయంత్రం బాబాయ్ వచ్చి ఎర్ర గొడుగు నొక్కారు. 180.00. ఏమీ అనకుండా సొరుగులోంచి కాలిక్యులేటర్ తీసి, 30 ఇంటూ 54, బై 9 కొట్టారు.

"సరే, ప్రింటు తియ్" అన్నారు.