శనివారం రెండు గంటలు: ఇంజినీరింగ్ కళాశాలలో నా బోధనానుభవం

హైదరాబాదులో భవనాల స్ట్రక్చరల్ డిజైన్ నా వృత్తి. 2019లో నగర శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల వారు సివిల్ విద్యార్థులకు అతిథి ఉపన్యాసం ఇమ్మని పిలిచారు. గంటన్నర మాట్లాడి, శాలువా, జ్ఞాపిక అందుకుని వచ్చాను. రెండేళ్ళ తరువాత ఆ తరగతిలో కూర్చున్న ఇద్దరు మా ఆఫీసుకు ఇంటర్వ్యూకు వచ్చారు. ఉపన్యాసం జరిగినట్టు వారికి గుర్తుంది కాని, అందులో నేను చెప్పినది ఒక్కటీ గుర్తు లేదు. వృత్తిలో ఉన్నవారిని ఏడాదికొకసారి వేదిక మీదికి పిలవడం వల్ల విద్యార్థికి దక్కేదేమీ లేదని నాకు ఆ రోజే గట్టిగా అనిపించింది.

2022లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాలు వచ్చాయి. తమ రంగంలో కనీసం 15 ఏళ్ళ అనుభవం ఉన్న నిపుణులను, పీహెచ్‌డీ లేకపోయినా, మంజూరైన పోస్టులలో 10 శాతానికి మించకుండా తీసుకోవచ్చన్నది వాటి సారాంశం. మరుసటి ఏడాది అదే కళాశాల విభాగాధిపతి ఆ విషయమై నాకు ఫోను చేశారు. ఉద్యోగం వదిలి ఆ పదవిలో చేరడం నాకు కుదరదని, అయితే మూడో ఏడాది కాంక్రీటు డిజైన్ పాఠ్యాంశాన్ని అక్కడి అధ్యాపకురాలితో కలిసి పంచుకోగలనని, ప్రతి శనివారం రెండు గంటలు వస్తానని, అయితే ప్రశ్నపత్రం తయారీలోనూ మూల్యాంకనంలోనూ నాకు భాగం ఉండాలని చెప్పాను. ఆ చివరి షరతు విని ఆయన ఆశ్చర్యపోయారు. మార్కులతో సంబంధం లేని పాఠాన్ని విద్యార్థి పాఠంగా లెక్కించడని నా నమ్మకం.

అనుమతులకే రెండు నెలలు పట్టింది. మా సంస్థ నుంచి లిఖితపూర్వక అనుమతి కావలసి వచ్చింది. ఆఫీసు పనివేళలకు అడ్డురాకూడదని, ఖాతాదారుల డ్రాయింగులు తరగతిలో చూపకూడదని అందులో షరతులు పెట్టారు. రెండో షరతు సబబైనదే కనుక తరగతికి కావలసిన డ్రాయింగులన్నీ ఊహాత్మకమైన ఒక ఐదంతస్తుల భవనానికి నేనే కొత్తగా గీసుకున్నాను. కళాశాల స్వయంప్రతిపత్తి గలది కావడంతో పాఠ్యప్రణాళికలో మార్పును కళాశాల సొంత పాఠ్యాంశాల కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టి ఆమోదం పొందవచ్చు. అక్కడ పెద్దగా చర్చ జరగలేదు.

మొదటి శనివారం నేను చేసిన పొరపాటును దాచను. మేము డిజైన్ చేసిన ఎత్తయిన భవనాల ఫోటోలతో అరవైకి పైగా స్లైడ్లు చూపించాను. పిల్లలు మర్యాదగా విన్నారు, ఒక్కరూ ప్రశ్న అడగలేదు. తరగతి అయ్యాక అధ్యాపకురాలు నన్ను స్టాఫ్ రూముకు తీసుకువెళ్ళి, "సార్, దూలానికి ఆధారం దగ్గర పైన కడ్డీలు ఎందుకు వేస్తారో వీళ్ళకు నేనింకా చెప్పలేదు, అది వచ్చే వారం పాఠం. మీరు చూపించిన జాయింటు వీళ్ళకు అర్థం కావాలంటే ఇంకో నెల పడుతుంది" అన్నారు. పన్నెండేళ్ళుగా ఆ పాఠం చెబుతున్న ఆమెకు విద్యార్థి ఏ మెట్టు దగ్గర ఆగిపోతాడో తెలుసు, నాకు తెలియదు. ఆ తరువాత ప్రతి గురువారం రాత్రి ఆమె ఆ వారం ఎంతవరకు చెప్పారో ఫోనులో కనుక్కుని, దానికి సరిపడే పని ఒక్కటే తీసుకుని వెళ్ళేవాడిని.

ఆ పనులలో ఒకదాన్ని ఇక్కడ వివరంగా చెప్పాలి. 230 మిల్లీమీటర్ల వెడల్పు, 600 లోతు గల దూలానికి విద్యార్థులు లెక్క కట్టి, 16 మిల్లీమీటర్ల కడ్డీలు ఐదు చాలునని తేల్చారు. లెక్క సరైనదే. ఆ దూలం అడ్డుకోతను చాక్‌పీసుతో నేల మీద అసలు కొలతలలో గీయమన్నాను. రెండు వైపులా 25 చొప్పున కవరు (కడ్డీలను కప్పి ఉంచే కాంక్రీటు మందం), 8 చొప్పున స్టిరప్పు (కడ్డీల చుట్టూ కట్టే ఇనుప చట్రం) తీసేస్తే మిగిలేది 164 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల కంకర వాడినప్పుడు కడ్డీల మధ్య కనీసం 25 ఖాళీ ఉండాలని కాంక్రీటు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఐదు కడ్డీలకు 80, నాలుగు ఖాళీలకు 100, మొత్తం 180. పట్టవు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆపైన ఒక అమ్మాయి రెండు వరుసలుగా వేద్దామంది. అలా వేస్తే దూలం ప్రభావిత లోతు (పై అంచు నుంచి కడ్డీల మధ్యకు ఉన్న దూరం) తగ్గుతుంది కదా, లెక్క మళ్ళీ మొదటినుంచి చేయాలి కదా అని వెనుక బెంచీ నుంచి మరొకరు అడిగారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజినీర్లకు ఈ రెండు మాటలు నోట రావడానికి చాలా నెలలు పడుతుంది.

పరీక్ష దగ్గర నాకు మళ్ళీ అధ్యాపకురాలి సాయం అవసరమైంది. తప్పులున్న ఒక డ్రాయింగు ఇచ్చి వాటిని గుర్తించమని నేను రాసిన ప్రశ్నను పరీక్షల విభాగం వెనక్కి పంపింది. ఇంజినీరింగ్ కోర్సులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ నిబంధనల ప్రకారం ప్రతి ప్రశ్న ఏ కోర్సు లక్ష్యానికి చెందుతుందో, ఏ స్థాయి ఆలోచన కోరుతుందో నమోదు చేయాలని వారన్నారు. మొదట అది కాగితాల పనిగా తోచింది. ఆమెతో కూర్చుని పూర్తి చేస్తున్నప్పుడు, నా ప్రశ్నలన్నీ గుర్తించమనడం దగ్గరే ఆగిపోయాయని, సరిదిద్ది చూపమని ఒక్కటీ అడగలేదని బయటపడింది. ప్రశ్నపత్రం మార్చాను. దిద్దడానికి రెండు ఆదివారాలు పూర్తిగా పట్టాయి.

సెమిస్టరు చివర మా సైటులో పనిచేసే కడ్డీల మేస్త్రీని కళాశాల ల్యాబుకు తీసుకువెళ్ళాను. స్టిరప్పు కొక్కెం 135 డిగ్రీలు వంగి కాంక్రీటు లోపలికి ఎందుకు వెళ్ళాలో పుస్తకం చెబుతుంది. 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే పని ఎంత తేలికో, అందుకే సైట్లలో అలా ఎందుకు ఆపేస్తారో ఆయన చేతులతో చేసి చూపించారు. పారితోషికం పత్రంలో విద్యార్హత అన్న గడి దగ్గర గుమాస్తా ఆగిపోయారు. మేస్త్రీకి 22 ఏళ్ళ పని అనుభవం ఉందని నేనే రాసి సంతకం చేశాను. నిపుణులంటే డిగ్రీ ఉన్న ఆఫీసు ఇంజినీర్లే అనుకుంటే, విద్యార్థులు ఆ రోజు నేర్చుకున్నది వారికి ఎన్నటికీ దొరికేది కాదు.

రెండో ఏడాదికి శనివారం తరగతి టైమ్‌టేబుల్‌లోకి అధికారికంగా వచ్చింది. అధ్యాపకురాలు వేసవి సెలవులలో నాలుగు వారాలు మా డిజైన్ విభాగంలో కూర్చుని పనిచేయడానికి అనుమతి అడిగారు. మా సంస్థ ఒప్పుకుంది. ఆమె డెస్కు నా పక్కనే ఏర్పాటు చేశాము.